ముట్టని గిలాస

హైదరాబాదు,
ఆగస్టు 6, 2001

అమ్మమ్మా,

వందనాలు. మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? ఫోన్ చేస్తే "ఉత్తరం రాయి, ఫోనులో అబద్ధాలు తొందరగా వస్తయి" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

నాకు మంచి పని ఒకటి దొరికింది. టేక్మాల్ దిక్కు మోదుగుకుంట గడి గుర్తుందా? ఆ దొర మనవడు రఘుపతి రావు గారు గడిని బాగుచేయించి హెరిటేజ్ హోటల్ చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు శని, ఆదివారాలు వచ్చి ఉండిపోయేట్టుగా. కింది హాల్లో ఒక మ్యూజియం. అందులో బోర్డులన్నీ రాసేది నేనే.

మ్యూజియం మొత్తానికి ముఖ్యమైనది ఒక చారిత్రాత్మక హత్య. నీకు తెలిసిందే. 1944లో పెద్దదొర మజ్జిగ తాగి చనిపోయాడు. గడిలో పనిచేసే యాదవ్వ అందులో విషం కలిపి ఇచ్చిందన్నారు. పోలీసులు పట్టుకుని మెదకు తీసుకొస్తుంటే దారిలో మాయమైంది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు రఘుపతి గారికి అటక మీద ఆ గిలాస, యాదవ్వ కాలి కడియాలు దొరికాయి. ఫోటోలు పంపుతున్నాను. కింద పెట్టే బోర్డు ఇట్లా రాశాను: "దొరను బలిగొన్న గిలాస. యాదవ్వ చేతి విషం. ఆమె ఎక్కడికి పారిపోయింది?"

నీతో ఒక చిన్న పని పడింది. ఆ రోజు దొరను చూడటానికి పోయింది మీ నాయన యోసేపు కాంపౌండరే కదా. నువ్వు కూడా బండిలో వెంట పోయానని చెప్పేదానివి. ఆ గడప తొక్కినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నువ్వొక్కదానివే. ఈ వస్తువులు అప్పటివేనని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. ఫ్రేము కట్టించి పక్కన పెడతారట.

నీ
ఫేబ

*

మెదకు,
ఆగస్టు 13

ఫేబకు,

దీవెనలు. మోకాళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి. నీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. "చారిత్రాత్మక" కాదే, "చారిత్రక". ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినదాని మనవరాలివి. నువ్వు రాసిన తప్పు బోర్డెక్కితే వచ్చినవాళ్ళంతా అదే నేర్చుకుంటారు. అబద్ధం సంగతి తర్వాత చూద్దాం, ముందు అక్షరాలు.

ఫోటో చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అన్నం ముందు చూడాల్సింది కాదు.

నేను బండిలో పోయిన మాట నిజమే. గడప తొక్కిన మాట మాత్రం నిజం కాదు. నన్ను పశువుల కొట్టం దగ్గరే ఆపారు. నాయనకు కోటు ఉంది, బూట్లు ఉన్నాయి, దవాఖాన ఇచ్చిన తోలు సంచి ఉంది. అయినా ఆయన పుట్టింది ఊరవతలి వాడలో అని వాళ్ళకు తెలుసు. దొర చెయ్యి మీద పట్టుగుడ్డ కప్పి, దాని మీది నుంచి నాడి చూడమన్నారట. గుడ్డ నాడి చూసి వచ్చిన అని నాయన చచ్చేదాకా నవ్వేవాడు. అది నవ్వు కాదని నాకు చాలా ఏండ్లకు తెలిసింది.

దొర ఏం తాగిండో ఆ గిలాస చూపించండ్రి అని అడిగాడు. "కడిగి బోర్లించినం" అన్నారు. బయటికొచ్చాక నాయనకు దాహమైతే దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు పోశారు. అది నేను చూశాను. ఆనాడు కాంపౌండరుకు కనబడని గిలాస ఈనాడు హోటలువాడికి కనబడింది. కడిగిన గిలాసకు మీ ఫోటోలో ఇంత నల్లటి మురికి. ఇక కడియాలు. యాదవ్వను నేను చూసింది కొట్టం ఊడుస్తుంటేనే. ఆమె కాళ్ళకు పేడ తప్ప ఇంకేమీ లేదు. వెండి పెట్టుకుని దొర కొట్టం ఊడ్చే మనిషిని మీ రఘుపతి ఏ సినిమాలో చూశాడో అడుగు.

ఇంకొక మాట నీకు ఎన్నడూ చెప్పలేదు. చిన్నప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో నా కొంగు పట్టుకుని గిలాస మీద గిలాస చాయ్ తాగేదానివి, చూడు. ఆ కిష్టవ్వ యాదవ్వ బిడ్డే. తల్లిని తోలుకపోయిన నాడు ఆమెకు ఆరేండ్లు. ఊరంతా "ఇసపుదాని బిడ్డ" అంటే పడలేక మెదకు వచ్చి బతుకుతోంది. ఇక్కడ ఎవరికీ తెలియదు. చాయ్ అమ్ముకునే మనిషి తల్లి మీద విషం పేరు ఉంటే ఆ హోటలు ఏమవుతుందో నీకు ఎం.ఏ.లో చెప్పి ఉండరు.

సంతకం పెట్టను. నువ్వు కూడా ఆ బోర్డు పెట్టకు.

అమ్మమ్మ

*

హైదరాబాదు,
ఆగస్టు 27

అమ్మమ్మా,

కిష్టవ్వ సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిస్తే ఆ ఉత్తరం అట్లా రాసేదాన్ని కాదు.

కాని నువ్వు చెప్పింది మొత్తం జ్ఞాపకమే కదా. అప్పుడు నీకు పన్నెండేండ్లు. కడిగిన గిలాసను అటక మీద పడేస్తే యాభై ఏండ్లలో నల్లబడదా? కడియాలు దొర భార్య ఇచ్చి ఉండొచ్చు. నేను రఘుపతి గారితో ఇదంతా చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "మీ అమ్మమ్మ గారిని నేనే కలిసి మాట్లాడుతా" అన్నారు. ఈ వారంలో మెదకు వస్తారు. జర మంచిగా మాట్లాడు. మంచి మనిషి. మన పాత ఇండ్లు, మన తెలంగాణ చరిత్ర అంటూ ఇంత శ్రద్ధ పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

పైగా యాదవ్వను అందరూ చెడ్డగా అనుకోవడం లేదు. ఇక్కడ మా ఆఫీసులో సగం మంది "దొరను చంపిందంటే ఎంత ధైర్యం" అంటున్నారు. ఇది ఆమెకు గౌరవమే కదా?

నీ
ఫేబ

*

మెదకు,
సెప్టెంబరు 4

ఫేబకు,

మీ మంచి మనిషి వచ్చి పోయాడు.

ఇంత పెద్ద కారు మన గల్లీలో పట్టక మలుపు దగ్గరే ఆపి నడిచొచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. "ఆంటీ" అన్నాడు. నేను ఆయనకు ఎటు నుంచి ఆంటీనో తెలియలేదు, అయినా కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను. వద్దని చేత్తోనే చెప్పి, సంచిలోంచి సీసా తీసి అందులో తాగాడు. బయటి నీళ్ళు పడవట. వాళ్ళ తాతకూ పడేవి కాదు. ఆయనకు సీసా దొరకలేదు, అంతే తేడా.

గిలాస కూడా తెచ్చాడు, మఖ్మల్ గుడ్డలో చుట్టి. చేతిలోకి తీసుకుని చూశాను. వాసన చూస్తే మైనం వాసన, బూట్ పాలిష్ వాసన వచ్చింది. అటక వాసన నాకు తెలుసు, నా బడి సామాను అంతా అక్కడే ఉంది.

ఆ మాట అనలేదు. వాళ్ళ తాత గురించి చెప్పమన్నాను. పెద్దవాళ్ళ గురించి అడిగితే ఇలాంటివాళ్ళు సంతోషిస్తారు. సంతోషిస్తే నిజం జారుతుంది, పిల్లల్లాగే.

"మా తాతది మస్తు నిష్ఠ ఆంటీ. మా నానమ్మ చేతి నీళ్ళే తాగెటోడు. ఇంట్లోళ్ళు దప్ప ఒక్కరు ముట్టేది లేకుండె. ఒకసారి బయటిమనిషి నీడ పడ్డదని కుండ పలగ్గొట్టించిండట. అప్పటి డిసిప్లిన్ గట్లుండె."

"మరి గిలాస?"

"గిలాస సంగతి అడగకుండ్రి. అది నానమ్మనే తోమేది."

"మరి కొట్టం ఊడ్చే యాదవ్వ ఆ గిలాసల మజ్జిగ పోసి దొరకెట్ల ఇచ్చింది నాయనా?"

ఫేబా, నేను ఎంతోమంది పిల్లలను బల్లమీద నిలబెట్టాను. లెక్క తప్పిన పిల్లవాడి ముఖం ఎట్లా అవుతుందో నాకు తెలుసు. ఆ ముఖం పెట్టి సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఏమో ఆంటీ, ఆ రోజు ఎట్లనో అయి ఉంటది" అన్నాడు చివరికి.

ఎట్లనో కాలేదు. ఆమెను నీళ్ళకుండ దిక్కుకు రానివ్వలేదు. గిలాస ముట్టనివ్వలేదు. ముట్టగలిగిన చేతులన్నీ ఇంట్లోవే. పోలీసులు ఆ చేతుల జోలికి పోకుండా, ఎన్నడూ ముట్టని మనిషిని ముట్టిందని పట్టుకపోయారు. ఇంత చిన్న లెక్క యాభై ఏడేండ్ల నుంచి ఎవరికీ అందలేదంటే, ఎవరికీ అక్కర లేదని అర్థం.

సంతకం పెడతానన్నాను. ఆయన ముందే కాగితం తీసి రాశాను: "ఈ గిలాసను యాదవ్వ ముట్టలేదు. గడిలో ముట్టనిచ్చేవారు కాదు గనుక. ఇట్లు, యోసేపు కాంపౌండరు బిడ్డ సౌభాగ్యమ్మ." ఇది ఫ్రేము కట్టించుకో నాయనా అన్నాను. చదివి, మడిచి, బల్లమీదనే పెట్టి పోయాడు. అదే కాగితం ఇందులో పెట్టి నీకు పంపుతున్నాను. ఆయనకు రెండు దారులున్నాయి. గిలాస దొంగదని ఒప్పుకోవాలి. లేదంటే గడిలో మనుషులను ఎట్లా చూసేవారో బోర్డు మీద రాయాలి. రెండూ హోటలుకు పనికిరావు.

గౌరవం అన్నావు. చెయ్యని పనికి పెట్టే దండం కూడా నింద వంటిదే.

అమ్మమ్మ

*

హైదరాబాదు,
అక్టోబరు 9

అమ్మమ్మా,

ఇన్నాళ్ళు రాయలేకపోయాను. నీకు ఒకటి చెప్పలేదు.

ఆ గిలాస అటక మీద దొరకలేదు. జూలైలో నేనే రఘుపతి గారి వెంట జుమ్మేరాత్ బజారుకు పోయాను. పాత ఇత్తడి సామాన్లు కుప్పపోసుకుని ఒక ముసలాయన కూర్చుంటాడు. అలంకరణకు కొంటున్నాం అనుకున్నాను. ఆ ముసలాయన నల్లటిది ఏదో పూసి, గుడ్డతో రుద్ది ఇచ్చాడు. "దీన్ని తోమొద్దు బేటీ, తోమితే ఉమర్ పోతది" అన్నాడు. గిలాస వయసు పోతుందని చెప్పడం నాకు భలే నచ్చింది, నవ్వుకున్నాను కూడా. నెల తర్వాత అదే గిలాస అటక మీద దొరికిందని చెప్పినప్పుడు నేను ఏమీ అనలేదు. ఇట్లాంటి హోటళ్ళలో అన్నీ ఇంతేనని ఆఫీసులో అన్నారు. వచ్చేవాళ్ళకు ఒక కథ కావాలి, అంతే.

ఆయన వాళ్ళ అమ్మకు కూడా నిజం చెప్పలేదు. సువర్ణ దొరసాని గారు గడిలోనే ఉంటారు. మామగారి గిలాస అని కళ్ళకద్దుకుని ఏడ్చారు. చూసి నాకే సిగ్గేసింది.

నేను చేయగలిగింది చేశాను. బోర్డు మార్చాను. "యాదవ్వ విషమిచ్చినదిగా ప్రతీతి" అని రాశాను. పేరు తీసేయమంటే ఒప్పుకోలేదు, పేరు లేకపోతే కథ లేదన్నారు.

నవంబరు పద్దెనిమిదిన ఓపెనింగ్. ఇంకొక సంగతి. తెలంగాణ సంఘం పిల్లలెవరో కిష్టవ్వ యాదవ్వ బిడ్డ అని రఘుపతి గారికి చెప్పారట. ఆమెను పిలిచి శాలువా కప్పుతారట. నేను చెప్పలేదు, ప్రమాణం.

నీ
ఫేబ

*

మెదకు,
అక్టోబరు 16

ఫేబకు,

"ప్రతీతి" మంచి మాట. అబద్ధానికి ఇస్త్రీ చేస్తే ప్రతీతి అవుతుంది.

నువ్వు చెప్పలేదని నమ్ముతున్నాను. చెప్పింది ఎవరో కూడా తెలిసింది. మోదుగుకుంటలో ముసలివాళ్ళను అడిగి పసిగట్టారట, నా దగ్గరికీ వచ్చారు. సంఘం పిల్లలు, ముందు స్వామి. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు, ఒత్తులు రావు. చేతిలో బట్ట బ్యానరు, "వీరనారి యాదవ్వ" అని. బొమ్మ కూడా వేయించారు: నుదుట ఇంత బొట్టు, చేతిలో గిలాస, కళ్ళలో నిప్పులు. బస్టాండు దగ్గరే బిడ్డ ఉంది కదా, తల్లి ఎట్లా ఉండేదని ఒక్కడన్నా అడిగాడా? అడగలేదు.

నేను ఇదంతా చెప్పాను. ముట్టలేదురా, ముట్టనియ్యలేదు అన్నాను. స్వామి తల గోక్కున్నాడు.

"టీచరమ్మ, మీరన్నది కరెక్టే. కాని గిలాస అసల్ది కాదని బయట అనకుండ్రి. గిలాస పోతే మాకు యాదవ్వ పోతది."

"పోతే ఏమైతదిరా?"

"జిల్లాకొక ఆడమనిషి కావాల్నని పైనుంచి చెప్పిండ్రు. మన దిక్కు ఇంకెవ్వలున్నరు?"

రాష్ట్రం రావాలని నాకూ ఉంది. మన నీళ్ళు మనకు, మన కొలువులు మనకు అని నేనూ కేక వేసినదాన్నే. ఆ రాష్ట్రానికి కూడా దొంగ గిలాసలే పునాది అయితే ఎందుకు? ఒకడికి విషకన్య కావాలి, ఇంకొకడికి వీరవనిత. పేడ ఎత్తి, బిడ్డను అరుగు మీద కూర్చోబెట్టుకుని గంజి తాగిన ఆడమనిషి ఎవరికీ పనికిరాలేదు. మీరందరూ "ఎక్కడికి పారిపోయింది" అంటున్నారు. ఆరేండ్ల బిడ్డను అరుగు మీద వదిలి ఏ తల్లి పారిపోతుందే? ఇద్దరు పోలీసు జవాన్ల నడుమ నడిచిపోయిన మనిషి మాయమైతే, అడగాల్సింది ఆ జవాన్లను. అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి వాళ్ళు లేరు.

ఒట్టి అసహ్యం వేస్తోంది నాకు, ఈ వయసులో నోరు చేదైపోయింది.

కిష్టవ్వకు పోవద్దని చెప్పాను. మ్యూజియంల వస్తువులు తక్కువైనయని నిన్ను పెడుతున్నరు అన్నాను. ఆమె చాయ్ వడపోస్తూ, "జర చూసొస్త టీచరమ్మ. మా అవ్వ లోపటికి పోలేని ఇల్లు ఎట్లుంటదో చూడాలె గద" అంది. మనవరాలు మమతను తోడు తీసుకుని వస్తుంది. నేను రాను. నువ్వు ఆమె పక్కన ఉండు. అంతకన్నా నిన్ను ఏమీ అడగను.

అమ్మమ్మ

*

మోదుగుకుంట,
నవంబరు 18

అమ్మమ్మా,

రేపటిదాకా ఆగలేక గడి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మమత చేతికిచ్చి పంపుతాను.

కిష్టవ్వ పొద్దున్నే వచ్చింది. ఉతికిన నీలం చీర, తలకు నూనె. శాలువా కప్పారు. స్వామి వాళ్ళు నినాదాలిచ్చారు. ఫోటోలు. ఆమె ఎవరి దిక్కూ చూడలేదు. తిన్నగా హాల్లోకి పోయి గిలాస ముందు నిలబడింది. ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద పెట్టారు, చుట్టూ తాడు. అద్దాల పెట్టె ఇంకా రాలేదు. గుడ్డ ముందు చిన్న బోర్డు.

"గిదేం రాసి ఉంది బిడ్డా?" అని నన్నడిగింది.

"ముట్టుకోరాదు అని, అవ్వా."

"ఎవ్వలు రాసిండ్రు?"

"నేనే."

నవ్వింది, అమ్మమ్మా. నన్ను కొట్టినా బాగుండేది.

"గీ ముచ్చట రాయనీకి హైదరాబాదుకెంచి మనిషి రావాల్నా? గీ ఇంట్ల అందరికి ఎర్కే గద."

తాడు పైకెత్తి లోపలికి పోయింది. గిలాస తీసింది. అతిథుల బల్లమీది సీసా మూత తిప్పి నీళ్ళు పోసుకుంది. మూతి ఆనించి, గుటక గుటకగా, మొత్తం తాగింది. "మంచిగనే ఉన్నయి. సచ్చిపోతలేను" అని గిలాసను మఖ్మల్ మీద బోర్లించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాములో భాగం అనుకున్నారు. రఘుపతి గారు కూడా కొట్టారు, ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

అసలు సంగతి భోజనాల తర్వాత. నా సంచి కోసం పెరట్లోకి పోయాను. సువర్ణ దొరసాని గారు పీట వేసుకుని కూర్చుని ఆ గిలాసను చింతపండుతో, బూడిదతో తోముతున్నారు. గడి పనివాడు ఎల్లం నీళ్ళు పోస్తున్నాడు. ఆమె చేతుల నిండా నలుపు. నేను వద్దనేలోపే సగం పోయింది. నన్ను చూసి, నేనూ వాళ్ళ మనిషినే అనుకున్నట్టు చెప్పారు:

"చూసినవా బిడ్డా, కలికాలం. మా అత్త చెప్పేది, తల్లిని ఎన్నడు మా గిలాస ముట్టనియ్యలే. కుండ దిక్కుకే రానియ్యలే. గిప్పుడు బిడ్డ వచ్చి మూతి పెట్టె. మా మామది ఇది. తోమకుంటె ఎట్ల?"

మూడుసార్లు తోమారు. గిలాస పసుపుపచ్చగా, నిన్ననే దుకాణంలోంచి తెచ్చినట్టు మెరిసింది. అడుగున అక్షరాలు తేలాయి. ఆమెకు చూపు ఆనదు, వేలితో తడిమారు.

"మామ పేరు చెక్కించి ఉంటరు. చదువు బిడ్డా."

చదివాను. ఒక టెంట్ హౌస్ పేరు. పెళ్ళిళ్ళకు సామాన్లు కిరాయికి ఇవ్వబడును. కింద ఫోన్ నంబరు.

ఆమె మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. గిలాసను రాయి మీద పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి కొడుకును పిలిచి తలుపు వేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికొచ్చాక రఘుపతి గారు ఎవరినీ పిలవకుండా తానే బోర్డు ఊడదీశారు. కడియాలు కూడా జేబులో వేసుకున్నారు. గుడ్డ, తాడు మిగిలాయి.

నాతో, "ఆవిడ చెయ్యి పెట్టకపోతే బాగుండేది" అన్నారు. నేను అన్నాను, "మీ అమ్మగారు చెయ్యి పెట్టకపోయినా బాగుండేది సార్." ఇక ఆయనకు నా బోర్డుల అవసరం లేదట. నాకూ లేదు.

సంచిలో నీ కాగితం ఉంది. నువ్వు ఆగస్టులో దిద్దిన ఉత్తరం కూడా. చారిత్రక. ఇప్పుడు వచ్చింది.

నీ
ఫేబ

*

మెదకు,
నవంబరు 22

ఫేబకు,

దీవెనలు, ఈసారి నిండుగానే.

కూర్చుని రెండుసార్లు చదివాను. విషం కన్నా మూతికే భయపడ్డ ఇల్లది. ఆ భయమే దాని గుట్టు తోమి బయటపెట్టింది. మనుషులు ముట్టకుండా కాపాడుకున్న గిలాస చివరికి ఊరి పెళ్ళిళ్ళన్నిటా ఎవరెవరో తాగినదే. పాపం, ఆ దొరసాని ఏ కిరాయి గిలాసను కళ్ళకద్దుకుందో.

పేపర్లో ఫోటో వచ్చింది. బొమ్మలో గిలాస బాగా పడింది. కిష్టవ్వ ముఖం సగమే ఉంది. స్వామి వాళ్ళు బ్యానరు విప్పేశారు, వేరే వీరనారి కోసం వెతుకుతున్నారట. నన్ను కూడా అడిగారు, టీచరమ్మా మీకు జైలు అనుభవం ఏమన్నా ఉందా అని. వాడి ఒత్తులు ఇంకా రాలేదు.

దారిలో యాదవ్వ ఏమైందో మాత్రం ఎవరూ అడగడం లేదు. గిలాస దొంగదని తేలగానే అందరికీ ఆ ప్రశ్న కూడా తీరిపోయింది. నాకు తీరలేదు. నీకు తీరవద్దు.

నీ ఉత్తరం కిష్టవ్వకు నేనే చదివి వినిపించాను, హోటల్లో, గిరాకీ లేని వేళ. చింతపండు దగ్గర ఆపమంది. మళ్ళీ చదవమంది. బోర్డు తీసేశారనే చోట పొయ్యి మంట తగ్గించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా అవ్వ ముట్టిందని ఆమెను పట్కపోయిండ్రు టీచరమ్మ. నేను ముట్టిన్నని ఆమెను ఇడ్సిపెట్టిండ్రు."

ఆ తర్వాత నాకు చాయ్ పోసి, తనకూ పోసుకుంది.

అమ్మమ్మ